గిటార్ ఎంతవరకు వచ్చిందో మీకు మీరే తెలుసుకోవడం ఎలా

బెంగళూరు మారతహళ్లిలో మా పీజీ హాస్టల్ ఓనర్ అన్న కరెంటు బిల్లు గురించి పంపిన వాయిస్ మెసేజ్ ఎక్కడుందా అని ఫోన్‌లో వెతుకుతుంటే, గిటార్ కొన్న రెండో వారంలో నేను చేసుకున్న రికార్డింగ్ ఒకటి తగిలింది. నలభై సెకన్లు. అందులో నేను జి కార్డ్ (కొన్ని తీగల్ని నొక్కిపట్టి కలిపి మోగించే స్వరాల గుత్తి) పట్టుకోవడానికి ఎంతసేపు తీసుకున్నానంటే, మధ్యలో మా రూమ్మేట్ "అన్నా, నా టవల్ ఎక్కడ పెట్టావ్" అని అడగడం, నేను "తలుపు వెనకాల" అనడం, ఆ తర్వాత కార్డ్ మోగడం, అన్నీ వరసగా వినిపిస్తాయి. విచిత్రమేంటంటే ఆ రోజు పొద్దున్నే గిటార్ అమ్మేద్దామని ఫొటోలు తీసి పెట్టుకున్నాను. ఐదు నెలలైంది, ఏమీ రాలేదు, మొదట్లోనే నయం అనిపించి.

అమ్మలేదు. కానీ ఆ నలభై సెకన్లు అనుకోకుండా దొరికాయి కాబట్టి సరిపోయింది, దొరక్కపోతే ఆ గిటార్ ఈపాటికి ఎవరో కాలేజీ కుర్రాడి ఇంట్లో ఉండేది. అప్పట్నుంచి అదృష్టం మీద వదలకుండా ఒక పద్ధతి పెట్టుకున్నాను. గిటార్ పట్టి నెల దాటి ఏడాది లోపున్నవాళ్లకి ఇది బాగా పనికొస్తుంది. టీచర్ దగ్గరికి వెళ్తున్నా, వీడియోలు చూసి సొంతంగా నేర్చుకుంటున్నా పెద్ద తేడా లేదు. వారానికి గంట కూడా పట్టదు.

ముందు ఒక్క మాట. "ఇవాళ బాగా వాయించాను", "ఇవాళ చెత్తగా వాయించాను" అని మీకు అనిపించేదాన్ని లెక్కలోకి తీసుకోకండి. వేళ్ల కంటే చెవి ముందు నేర్చుకుంటుంది, గొడవంతా అక్కడే ఉంది. మొదటి నెలలో ఒక తీగ బర్రుమన్నా మీకు వినపడదు, ఏదో ఒక శబ్దం వచ్చిందన్న సంతోషంలోనే ఉంటారు. మూడో నెలకి ఆ బర్రు వినపడుతుంది, రెండో తీగ కొంచెం శ్రుతి తప్పినా వినపడుతుంది, నాలుగో దెబ్బ తొందరపడి ముందే పడిందని కూడా తెలిసిపోతుంది. చేసే తప్పులు తగ్గుతుంటాయి, వినపడే తప్పులు పెరుగుతుంటాయి. అలాంటప్పుడు మనసు ఏమంటుంది? వెనక్కి పోతున్నావురా అంటుంది. దానికి జవాబు చెప్పాలంటే చేతిలో రుజువు ఉండాలి. ఆ రుజువు ఎలా తయారు చేసుకోవాలో, దాని ముందు కూర్చుని ఏం చూసుకోవాలో, అదే ఇక్కడ చెప్తున్నది.

కొలబద్ద పాట ఒకటి పెట్టుకోండి

మొదటి పని ఒకే ఒక్క పాట ఎంచుకోవడం. రోజూ సాధన చేసే పాటలు ఎన్ని మార్చినా పర్వాలేదు, ఇది మాత్రం మూడు నెలల దాకా మారకూడదు. ఇళ్లలో పిల్లల ఎత్తు గోడ మీద గీతలు గీసి చూస్తారు కదా, ఈ పాట ఆ గోడ లాంటిది.

ఎలాంటి పాట అంటే, మూడు నాలుగు కార్డ్‌లుండాలి, వాటిలో ఒకటైనా మీకు ఇప్పటికి సరిగ్గా రానిదై ఉండాలి. జి, డి, ఇ మైనర్, సి, ఈ నాలుగింటితో పల్లవి గట్టెక్కే సినిమా పాటలు తెలుగులో బోలెడున్నాయి. పల్లవి ఒక్కటి చాలు, నలభై సెకన్ల నుంచి నిమిషం. మరీ సులువైనది పెట్టుకుంటే రెండో నెలకే కొలవడానికి ఏమీ మిగలదు. మరీ కష్టమైనదైతే మూడు నెలలూ ఏడుపే. ప్రాణంగా ఇష్టపడే పాట మాత్రం వద్దు, అన్నిసార్లు ముక్కలు ముక్కలుగా విన్నాక దాని మీద ప్రేమ పోతుంది. నాకు పోయింది, ఇప్పటికీ ఆ పాట ఎక్కడైనా వస్తే డి కార్డ్ దగ్గర ఒళ్లు బిగుసుకుంటుంది.

పాటతో పాటు మూడు సంగతులు తేల్చుకుని కాగితం మీద రాసి గిటార్ బ్యాగ్ జేబులో పడేయండి. కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్) పెడుతున్నారా, పెడితే ఎన్నో ఫ్రెట్ (గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే కమ్మీల గడి) మీద. వేగం ఎంత, అంటే మెట్రోనోమ్‌లో (టిక్ టిక్ మంటూ తాళం వేసేది) నిమిషానికి ఎన్ని దెబ్బలు. స్ట్రమ్మింగ్, అంటే తీగలన్నిటినీ కలిపి మీటడం, ఏ వరసలో, కింద కింద పైన పైన కింద పైన లాంటిది. వీటిలో ఏది మారినా పాత రికార్డింగ్‌తో పోలిక చెడిపోతుంది. నేను మధ్యలో ఓ వారం కేపో రెండో ఫ్రెట్ మీద పెట్టి వాయించి, పాట ఎంత హాయిగా వచ్చిందో అని మురిసిపోయాను. తీరా చూస్తే శ్రుతి నా గొంతుకి సరిపడింది, చేతులు ఎక్కడివక్కడే ఉన్నాయి.

వారానికి ఒక రికార్డింగ్, ఒక్కటే టేక్

ఒకే రోజు, ఒకే చోట, ఒకే ఫోన్. ఫోన్‌ని ఎదురుగా కుర్చీ మీద మూరెడు దూరంలో పెట్టండి, మంచం మీద పెడితే పరుపు శబ్దాన్ని సగం మింగేస్తుంది. మా గదిలో ముగ్గురం, ఒకతనిది అమెరికా షిఫ్టు, పగలంతా నిద్ర. శనివారం సాయంత్రం అతను టీ తాగడానికి కిందికి దిగే పావుగంటే నా స్టూడియో. ప్రశాంతంగా ఉంటుందని రెండుసార్లు టెర్రస్ మీద ప్రయత్నించాను. గాలి ఒకటి, దానికి తోడు విమానాలు. ప్రయాణికుల విమానాలు 2008లో దేవనహళ్లి దగ్గరి కొత్త ఎయిర్‌పోర్టుకి తరలిపోయినా, హెచ్‌ఏఎల్ పాత ఎయిర్‌పోర్టు మాకు పక్కనే కదా, యుద్ధవిమానం ఒకటి లేచిందంటే గిటార్ కాదు, పక్కవాడి మాట కూడా వినపడదు. ఒక రికార్డింగ్‌లో నా సి కార్డ్ మొత్తం జెట్ కిందే పోయింది. బాగా మోగిందనే నా నమ్మకం.

వాయించే ముందు ట్యూన్ చేయండి. ట్యూనర్ యాప్‌లో 'ఎ' (A) అనే స్వరం 440 హెర్ట్జ్ దగ్గరే ఉందో లేదో ఒకసారి చూసుకోండి, కొన్నిసార్లు తెలియకుండా వేలు తగిలి అది మారిపోతుంది, తర్వాత రెండు రికార్డింగులు పక్కపక్కన పెడితే ఒకటి కిందికి జారినట్టు వినిపించి తల గోక్కుంటారు. రికార్డింగ్ మొదలవగానే తేదీ చెప్పి, ఆరు తీగలూ విడివిడిగా ఒక్కొక్కసారి మీటండి. ఆరు నెలల తర్వాత వింటున్నప్పుడు "ఆ రోజు కార్డ్ తప్పు పట్టానా, అసలు ట్యూనింగే పోయిందా" అన్న అనుమానం రాదు.

ఇక ముఖ్యమైనది, ఒక్కటే టేక్. పది సార్లు వాయించి బాగా వచ్చినదాన్ని దాచుకుంటే, మీరు కొలిచింది మీ ఓపికని. చెయ్యి వేడెక్కడానికి ఐదు నిమిషాలు ఏవైనా కార్డ్‌లు వాయించుకోండి, కానీ కొలబద్ద పాటని మాత్రం ఆ రోజు రికార్డ్ నొక్కాకే మొదటిసారి వాయించండి. మధ్యలో తప్పు పోతే ఆగొద్దు, సారీ చెప్పొద్దు, చివరిదాకా వెళ్లిపోండి. చెత్తగా వచ్చినదాన్ని చెరిపెయ్యొద్దు. మీకు రేపు ధైర్యం ఇచ్చేవి ఆ చెత్తవే.

ఫైల్ పేరు ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత తేదీ వచ్చేలా పెట్టండి, 2025-03-08 లాగా. అప్పుడు వాటంతట అవే వరసలో కూర్చుంటాయి. వాట్సాప్‌లో మీకు మీరే పంపుకుని దాచుకుందాం అనుకోకండి. ఫార్వర్డులూ గుడ్ మార్నింగ్ పూలూ తవ్వుకుంటూ పోవాలి.

అంకెల్లో కొన్ని

రికార్డింగ్ మొత్తం కథ చెప్తుంది, అంకె ఒక్క విషయమే చెప్తుంది గానీ గట్టిగా చెప్తుంది. నేను మూడే రాసుకుంటాను.

ఒకటి, నిమిషంలో ఎన్ని కార్డ్ మార్పులు. ఫోన్‌లో అరవై సెకన్ల టైమర్ పెట్టి, రెండు కార్డ్‌ల మధ్య అటూ ఇటూ మారుతూ ప్రతిసారీ ఒక్క స్ట్రమ్. ఎ మైనర్ నుంచి సికి నేను మొదట 11 చేశాను. తర్వాతి వారాలు 18, 22, 21, 19, 27. మధ్యలో తగ్గింది చూశారు కదా, అది మామూలే. వాయిస్తూనే ఎన్ని శుభ్రంగా మోగాయో లెక్కపెట్టడం కుదరదు, అందుకని దీన్నీ రికార్డ్ చేసి తర్వాత విని 27లో 5 టుప్పుమన్నాయి అని పక్కన రాస్తాను. ఈ అంకె ఎంతుంటే చాలు అని అడుగుతారు చాలామంది. లెక్క సులువే. పాట నిమిషానికి 80 దెబ్బల మీద నడుస్తూ నాలుగు దెబ్బలకో కార్డ్ మారితే, నిమిషానికి 20 మార్పులు. మీకు విడిగా 30 వస్తుంటే పాటలో ఊపిరి పీల్చుకోవడానికి చోటుంటుంది. సరిగ్గా 20 మాత్రమే వస్తుంటే, విడిగా వచ్చినది పాటలో ఎందుకు రావట్లేదన్న మీ ప్రశ్నకి జవాబు దొరికినట్టే.

రెండోది ఎఫ్ కార్డ్. బార్ కార్డ్ (చూపుడు వేలిని తీగలన్నిటి మీదా అడ్డంగా పెట్టి పట్టేది) పట్టుకుని, తొందరపడకుండా లావుగా ఉండే ఆరో తీగ నుంచి సన్నగా ఉండే ఒకటో తీగ దాకా ఒక్కొక్కటే మీటండి. ఏది మోగింది, ఏది సగం మోగింది, ఏది చచ్చింది అని రాసుకోండి. "ఎఫ్ రావట్లేదు" అని రాస్తే ఏ ఉపయోగమూ లేదు, ఎక్కడ రావట్లేదో తెలిస్తే సగం పని అయినట్టే. ఎఫ్‌లో చూపుడు వేలు తీగలన్నిటి మీదా పడుకున్నా, నిజంగా అది మోగించాల్సినవి ఆరో తీగ, రెండో తీగ, ఒకటో తీగ, అంతే. ఐదోది ఉంగరం వేలు చూసుకుంటుంది, నాలుగోది చిటికెన వేలు, మూడోది మధ్య వేలు. కాబట్టి ఒకటీ రెండూ చచ్చిపోతుంటే చూపుడు వేలు మొదలు దగ్గర సరిగ్గా ఆనట్లేదు, వేలిని కొంచెం పక్కకి దొర్లించి ఎముక ఉన్న వైపు తీగలకి తగిలేలా చూడండి, ఫ్రెట్ కమ్మీకి దగ్గరగా జరపండి. మూడోది ఒక్కటే పోతుంటే బలం చాలక కాదు, మధ్య వేలు వంగి పడుకుంటోంది. నేను రెండు నెలలు చూపుడు వేలిని తిట్టుకున్నాను, పాపం దాని తప్పు సగమే.

మూడోది, మెట్రోనోమ్ మీద పాట ఎక్కడ విరుగుతోంది. 60 నుంచి మొదలెట్టి ఐదైదు పెంచుకుంటూ వెళ్లి, ఎక్కడ చెయ్యి తప్పిందో ఆ అంకె. ఇది నెలకోసారి చాలు. ప్రతివారం చేస్తే పరీక్ష రాస్తున్నట్టుంటుంది, గిటార్ మీద విసుగొస్తుంది.

రోజూ రాసే రెండు మూడు ముక్కలు

పెద్ద డైరీ ఏం అక్కర్లేదు. పాత నోట్‌బుక్ వెనక పేజీలైనా సరే. ఏం వాయించాను, ఎక్కడ ఆగింది, రేపు ఏది ముందు, ఈ మూడే. బావుంది, బాలేదు అన్న మాటలు రాయకండి. నా పుస్తకంలో మొదటి నెలంతా "పర్లేదు", "ఇవాళ మూడ్ లేదు", "సూపర్" అని ఉంది, ఇప్పుడు చదువుకుంటే ఒక్క ముక్క అర్థం కాదు, సూపర్ అంటే ఏంటో దేవుడికే తెలియాలి. తర్వాత్తర్వాత ఇలా మారింది: "డి కి మారేటప్పుడు ఉంగరం వేలు లేటు. మిగతా రెండూ ముందే కూర్చుంటున్నాయి. రేపు ఉంగరం వేలు ముందు పెట్టి చూడాలి." ఇది చదివితే ఆ సాయంత్రం మొత్తం కళ్ల ముందుకొస్తుంది.

తీగలు మార్చిన తేదీ కూడా రాసిపెట్టుకోండి. కొత్త తీగలతో ఎవరు వాయించినా గలగల్లాడుతూ వినిపిస్తుంది, పాతబడితే ఎంత బాగా వాయించినా మందంగా ఉంటుంది. చెన్నైలో పెరుంగుడి దగ్గరుండే మా బావ గిటార్‌కి సముద్రం గాలికి, చెమటకి తీగలు చూస్తుండగానే తుప్పు పడతాయి. బెంగళూరు ఎత్తు మీద ఉంది, గాలిలో ఆ ఉప్పు లేదు, కాస్త ఎక్కువ కాలం వస్తాయి, అయినా చేతి చెమట తప్పదు కాబట్టి వాయించాక పొడిగుడ్డతో తుడవడం ఇక్కడా మానొద్దు.

ఆదివారం కూర్చుని వినడం

అసలు పని ఇదే, ఎక్కువమంది ఎగ్గొట్టేదీ ఇదే. రికార్డ్ చేస్తారు, దాచిపెడతారు, మళ్లీ తెరవరు. తెరిచినా వాయించిన వెంటనే వింటారు, అప్పుడు చేతుల్లో ఇంకా ఆ కంగారు ఉంటుంది, ఏదీ సరిగ్గా వినపడదు. ఒక రాత్రి గడవనివ్వండి. నేను ఆదివారం పీజీలో చికెన్ తిన్నాక, గదిలో మిగతా ఇద్దరూ గురకలు పెడుతున్నప్పుడు, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వింటాను. ఆ టైంలో లోకం మీద కొంచెం దయ ఉంటుంది, మన మీద కూడా.

వినే వరస ముఖ్యం. ముందు నాలుగు వారాల కిందటిది, తర్వాత ఈ వారానిది. పోయిన వారంతో పోల్చకండి, వారంలో వచ్చే తేడా కంటే ఆ రోజు నిద్ర చాలకపోవడం వల్ల వచ్చే తేడా ఎక్కువ. కొత్తదాన్ని ముందు వింటే తప్పుల్లో ఇరుక్కుపోతారు, పాతది వినేసరికి మూడ్ పాడై ఉంటుంది. పాతది ముందు వింటే చెవి ఆ స్థాయికి సర్దుకుంటుంది, దాని మీద కొత్తది పడగానే తేడా దానంతటదే తెలుస్తుంది.

మొదటిసారి రెంటినీ కళ్లు మూసుకుని వినండి, పెన్ను ముట్టుకోవద్దు. అవ్వగానే మెరుగైనది ఒక్కటి రాయండి, అదీ రుజువుతో. "బాగుపడింది" అని కాదు, "పోయిన నెల జి నుంచి సికి వెళ్లేటప్పుడు పాట ఆగిపోయేది, ఇప్పుడు ఆగట్లేదు" అని. ఏమీ కనపడకపోతే ఇంకోసారి వినండి, ఉంటుంది. ఒక్కోసారి అది చాలా చిన్నదిగా ఉంటుంది, నాకు ఒక వారం దొరికింది ఇదే: తప్పు పోయాక "ఛీ" అనడం మానేశాను.

ఇప్పుడు పెన్ను తీసుకుని ఈ వారానిది మళ్లీ వినండి. ఎక్కడ తప్పు పోయిందో సెకన్లతో సహా రాయండి, ఏడో సెకను, పందొమ్మిదో సెకను, ముప్పై మూడో సెకను. ప్రతి తప్పు పక్కన మూడు మాటల్లో ఒకటి వేయండి: చెయ్యి, తాళం, మరుపు.

చెయ్యి అంటే కార్డ్ తెలుసు, టైం కూడా సరిగ్గానే పడింది, కానీ తీగ మోగలేదు. దానికి మందు నిమిషం మార్పుల సాధన, నెమ్మదిగా. తాళం అంటే కార్డ్ శుభ్రంగా మోగింది, కానీ అరక్షణం ఆలస్యంగానో ముందుగానో. దానికి ఎడమ చేత్తో కార్డ్‌లు పట్టడం పూర్తిగా వదిలేసి, ఆ చేతిని తీగల మీద ఊరికే ఆనించి, మెట్రోనోమ్‌తో కుడి చేతి స్ట్రమ్మింగ్ ఒక్కటే చేయాలి, కాలితో తాళం వేస్తూ. మరుపు అంటే తర్వాత ఏ కార్డ్ వస్తుందో ఒక్క క్షణం తట్టకపోవడం. దీనికి గిటార్ కూడా అక్కర్లేదు. ఔటర్ రింగ్ రోడ్డు మీద బస్సు కదలకుండా నిలబడిపోయినప్పుడు మనసులో పాట పాడుకుంటూ జి, డి, ఇ మైనర్, సి అని కార్డ్‌ల పేర్లు చెప్పుకుంటూ పొండి. సిల్క్ బోర్డ్ జంక్షన్ చేరేలోపు ఎన్నిసార్లు పాట పూర్తవుతుందో మీకే తెలుసు.

ఈ మూడింటినీ కలిపేసి "ప్రాక్టీస్ సరిపోవట్లేదు" అనుకోవడం వల్లే నెలలు వృథా అవుతాయి. నా తప్పుల్లో సగానికి పైగా మరుపే అని తెలిసినప్పుడు నాకే సిగ్గేసింది. రెండు నెలలుగా వేళ్లు కాయలు కాచేలా కార్డ్‌లు నొక్కుతున్నది బుర్రలో పాట లేక.

చివరగా ఆ లిస్టులోంచి వచ్చే వారానికి ఒక్కటే తీసుకోండి. రెండు కాదు. మిగతావి అలాగే ఉండనివ్వండి, ఎక్కడికీ పోవు. కాకినాడలో మా పిన్ని పిల్లలకి సంగీతం చెప్తుంది. సరళీ స్వరాలు మాయామాళవగౌళలో మొదటి కాలం, రెండో కాలం, మూడో కాలం అని వేగం రెట్టింపు చేసుకుంటూ పోతారు కదా, కొత్త పిల్లలు మూడో కాలం మీద మోజుతో గబగబా లాగించేస్తుంటే "మొదటి కాలంలో తడబడిన చోటు మూడో కాలంలో గుంత అవుతుందమ్మా" అంటుంది. గిటార్‌కి కూడా అంతే. ఏ సెకనులో తడబడ్డారో ఆ రెండు కార్డ్‌ల ముక్క మాత్రం తీసుకుని, సగం వేగంలో, వారమంతా రోజూ పది నిమిషాలు. పాట మొత్తం మొదట్నుంచీ చివరిదాకా వాయించుకుంటూ పోతే వచ్చినవే ఇంకా బాగా వస్తాయి, రానివి అక్కడే ఉంటాయి.

మిమ్మల్ని తిట్టుకునే ముందు గిటార్‌ని చూడండి

నాలుగు వారాలు గడిచినా ఒకే చోట ఒకే తప్పు కదలకుండా కూర్చుంటే, కొంచెం వాయిద్యాన్ని అనుమానించండి. నాకు ఎఫ్ రానప్పుడు కొన్న షాపుకి వెళ్లి అడిగితే "కొత్తలో అందరికీ అలాగే ఉంటుంది, వేళ్లు అలవాటు పడతాయి" అని పంపించేశారు. ఇంకో చోట రిపేరు చేసే ఒక పెద్దాయన చేతిలోకి తీసుకుని పన్నెండో ఫ్రెట్ దగ్గర స్టీలు స్కేలు పెట్టి చూపించారు, తీగకీ ఫ్రెట్‌కీ మధ్య నాలుగు మిల్లీమీటర్ల సందు. అకూస్టిక్ గిటార్‌కి అక్కడ లావు తీగ కింద రెండున్నర, సన్న తీగ కింద రెండు మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటే హాయిగా ఉంటుంది. మూడు దాటితే సెటప్ చేయించుకోవడం, అంటే తీగల ఎత్తు సరిచేయించుకోవడం మేలు.

స్కేలు లేకుండా ఇంకో పరీక్ష ఉంది. ఎఫ్ పట్టిన అదే ఆకారాన్ని అలాగే జరిపి ఐదో ఫ్రెట్ మీద పట్టండి, అది ఎ మేజర్ అవుతుంది. అక్కడ ఆరు తీగలూ మోగి ఒకటో ఫ్రెట్ మీద మాత్రం చస్తుంటే, మీ చేతికి ఆకారం వచ్చేసినట్టే. మెడ చివర నట్ (తీగలు ఆనే చిన్న పట్టీ) దగ్గర తీగలు మరీ ఎత్తుగా ఉన్నాయేమో చూపించండి. ఐదో ఫ్రెట్ మీద కూడా చస్తుంటే ముందు వేళ్ల సంగతి చూసుకోవాలి, ఇంకొంత కాలం పడుతుంది, ఫర్వాలేదు.

వాయిద్యాన్ని మనకి తగ్గట్టు మార్చుకోవడం తప్పేమీ కాదు. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ కర్ణాటక సంగీతం కోసం జంట తీగల మాండలిన్‌ని పక్కనపెట్టి ఐదు ఒంటి తీగలతో వాయించారు. మనం నట్ అరమిల్లీమీటరు అరగదీయించుకోవడానికి మొహమాటపడతాం.

మానేసిన వారాలు

మానేస్తారు. ఆఫీసులో రిలీజ్ ఉంటుంది, జ్వరం వస్తుంది, పండక్కి శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఊరెళ్తారు, గిటార్ పీజీలోనే ఉండిపోతుంది. ఆ రోజులు పుస్తకంలో ఖాళీగా వదలకండి, "ఊళ్లో ఉన్నా" అని రాయండి. తిరిగొచ్చాక మొదటి శనివారం రికార్డింగ్ మానొద్దు, ఎంత చెత్తగా ఉన్నా. సంక్రాంతికి పది రోజులు వెళ్లొస్తే నా నిమిషం మార్పులు 34 నుంచి 26కి పడ్డాయి, వేళ్ల కొనలు మెత్తబడి మళ్లీ మండాయి. గురువారానికి 33. ఈ రెండు అంకెలూ పుస్తకంలో ఉన్నాయి కాబట్టి తర్వాతిసారి ఊరెళ్లినప్పుడు టెన్షన్ పడలేదు. ఒక్క జాగ్రత్త, వేళ్ల కొనల మంట వేరు, మణికట్టులోనో మోచేతి దగ్గరో నొప్పి వేరు. రెండోది పుస్తకంలో కనపడిందంటే వాయించడం ఆపి, ఎలా కూర్చుంటున్నారో ఎవరికైనా చూపించుకోండి.

ఇంకొకరి చెవి

రీల్స్‌లో వాయించేవాళ్లతో పోల్చుకోకండి, వాళ్లు మీకు చూపించేది ఎన్నో టేకో మీకు తెలియదు. గిటార్ తెలియని మనిషి ఒకరికి నెలకోసారి వినిపించండి, ఏ పాటో చెప్పకుండా. నేను అమ్మకి ఫోన్‌లో వినిపిస్తాను. మొదటి నెల "ఏంట్రా అది, తలుపు బాగుచేస్తున్నావా" అంది. రెండో నెల పాట కనిపెట్టలేకపోయింది గానీ "ఏదో పాటలాగే ఉంది" అంది. నాలుగో నెలలో రెండో వరస దగ్గర అటునుంచి తను అందుకుని పాడింది, అదీ నాకంటే వేగంగా, మళ్లీ "నెమ్మదిగా వాయిస్తున్నావేంటి, నేను ఆగలేకపోతున్నా" అని కసురుకుంది. ఆ వారం పుస్తకంలో తాళం అని రాసుకున్నాను.

టీచర్ ఉంటే ఈ పుస్తకాన్ని ఆయనకి చూపించండి. "ఏం ఇబ్బందిగా ఉంది" అని అడిగితే మనం సాధారణంగా నీళ్లు నములుతాం. పందొమ్మిదో సెకను, డి, ఉంగరం వేలు అని చెప్తే క్లాసులో పావుగంట మిగులుతుంది.

గోడ మార్చడం

మూడు నెలలకి కొలబద్ద పాట అరిగిపోతుంది. నాకు ఆ సంగతి రూమ్మేట్ చెప్పాడు. అమెరికా షిఫ్టు అబ్బాయి, నెల్లూరు, మామూలుగా ఏమీ అనడు. ఒక శనివారం టీకి వెళ్లబోతూ చెప్పులేసుకుంటూ అదే పాట ఈల వేశాడు, సరిగ్గా నేను తప్పు పోయే చోట కాసేపు ఆగి మరీ. "అన్నా, నాకు కూడా వచ్చేసింది, ఇంక మారుద్దామా" అన్నాడు.

మార్చేటప్పుడు పాతదాన్ని ఒక్కసారిగా వదిలేయకండి. నాలుగు వారాలు రెండూ రికార్డ్ చేయండి, ముందు పాతది, తర్వాత కొత్తది. కొత్త పాటలో మళ్లీ మొదటి నెల లాగే వినిపిస్తారు, పక్కనే పాత పాట ఉంటే అది కొత్త పాట వల్లేనని తెలుస్తుంది. కొత్తదానిలో ఒక బార్ కార్డ్ ఉండేలా చూసుకోండి, చరణం కూడా కలపండి. పాతదాని ఫైళ్లు ఫోన్ నుంచి కంప్యూటర్‌లోకో డ్రైవ్‌లోకో ఎక్కించి, పేర్లు మార్చకుండా అలాగే ఉంచండి. ఆ టవల్ రికార్డింగ్ నేను రెండు చోట్ల దాచాను.